చూడ్డం తప్ప అన్నీ చేశాం

తెలుగువాళ్లకి చరిత్ర మీద శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ ఆదివారమైనా సాలార్‌జంగ్ మ్యూజియం ముందు నిలబడండి. చంకలో పిల్లాడు, భుజాన నీళ్ల సీసాల సంచి, నెత్తిన ఎండ. అయినా క్యూ కదలదు, జనం తగ్గరు. ఇంత అవస్థ పడేది చూడ్డానికి అనుకుంటే పొరపాటు. చూసొచ్చామని చెప్పడానికి. చూడాలంటే తీరిక కావాలి. చెప్పాలంటే ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. ఆస్తంతా వస్తువుల మీద పోసి 1949లో కన్నుమూశాడు. పెద్దలు కొన్నవీ, ఆయన కొన్నవీ కలిపి 40 వేలకు పైమాటే. 1951లో నెహ్రూ చేత తలుపులు తెరిపించారు. ఇన్నింటిలో మనవాళ్లకి కావలసింది ఒక్క గడియారం. గంటగంటకీ ఓ బుల్లి గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకైతే ఇసకేస్తే రాలదు. పన్నెండు దెబ్బలు కదా, టికెట్టు గిట్టుబాటవుతుంది. జేబులో ఫోన్ పెట్టుకుని, టైమెంతయిందో తెలుసుకోడానికి ముప్పావుగంట ముందే వచ్చి కూర్చునే ఓపిక ప్రపంచంలో ఇంకే జాతికుంది?

మేలిముసుగు రెబెకా దగ్గర అంత రద్దీ ఉండదు. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన బొమ్మ. తడిసి మొహానికి అంటుకున్నట్టుండే ముసుగు, దాని కింద ముక్కు, పెదవి, దించిన కళ్లు. ముసుగూ మొహమూ ఒకటే పాలరాయి. అక్కడ ఓ ఇల్లాలు ఆగిపోయింది. "ఏమండీ, ఇది షిఫానంటారా, జార్జెట్టంటారా?" అంది. నవ్వకండి. రాతిలో బట్ట కనబడిందంటే ఆ పూట బెంజోనీని పలకరించిన మనిషి ఆవిడొక్కతే. ఆయన మాత్రం "పదవే, అక్కడ గంట కొట్టేస్తాడు" అని లాక్కుపోయాడు.

ముందు దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెటా అనే అమ్మాయి ఉన్న చెక్క బొమ్మ వెనకాల, ఆ పిల్ల కూడా కనపడాలని అద్దం పెట్టారు. అందులో మార్గరెటాను చూసినవాళ్ల కన్నా క్రాఫు సర్దుకున్నవాళ్లే ఎక్కువ.

ఇక గోల్కొండ. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినపడుతుంది. శత్రువొస్తే కబురందడానికి ఆ ఏర్పాటు అంటారు. ఇప్పుడు నాలుగు గైడ్ల గుంపులు ఒకేసారి చప్పట్లు కొడుతుంటే, పైన సుల్తానే గనక ఉంటే కింద ఎవరికో సన్మానం జరుగుతోందనుకుని శాలువా పంపేవాడు. శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా చెరలో పడ్డ రామదాసు కొట్టు కూడా అక్కడే ఉంది. ఆయన ఆ గోడ మీద సీతారాముల్ని చెక్కుకున్నాడని చెబుతారు. కోట గోడల మీద మనవాళ్లూ చెక్కుతున్నారు, సురేష్‌నీ స్వాతినీ. మధ్యలో హృదయం గుర్తు అదనం.

బెజవాడ వైపు వెళితే మన ధర్మావేశం ఇంకా పెరుగుతుంది. అమరావతి శిల్పాల్ని తెల్లవాడు పట్టుకుపోయాడు! నిజమే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, మద్రాసు తోలించాడు. అక్కణ్నుంచి చాలామటుకు ఓడెక్కి, 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. తిరిగి ఇమ్మనడం న్యాయమే. కాకపోతే ఇలియట్ తవ్వకాలకి దాదాపు యాభై ఏళ్ల ముందే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే, పనివాళ్లకి ఆ శిల్పాలున్న బౌద్ధ స్తూపం దిబ్బ రాళ్ల గనిలా దొరికింది. కొన్ని శిల్పాలు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలోకి పోయాయి. లండన్ గదిలో ఉన్నవాటికి లెక్క అడుగుతాం. మనం గోడలకి కొట్టుకున్న సున్నంలో ఎన్ని జాతక కథలున్నాయో అడగం.

కొడుకు దగ్గరికి లండన్ వెళ్లిన అమ్మానాన్నలు బ్రిటిష్ మ్యూజియం కూడా చూస్తారు. అమరావతి గది గుమ్మంలో "మన గుంటూరు వైపువే కదరా, ఇంటికెళ్లాక తీరిగ్గా చూద్దాం" అని ఈజిప్టు మమ్మీల దగ్గరికి పరిగెడతారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ దశాబ్దాలుగా పడుకునే ఉంది. నాంపల్లి వెళ్లడానికి వీసా అక్కర్లేదు కాబట్టి ఎవరూ వెళ్లరు.

మరి మ్యూజియాన్ని నిజంగా చూసినవాడే లేడా? ఉన్నాడు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు రాత్రిపూట వెంటిలేటర్ గుండా తాడు కట్టుకుని దిగారు. ఏ అద్దాల పెట్టెలో ఏముందో, ఏ కెమెరా ఎటు తిరిగుందో ముందే చూసి పెట్టుకున్నారు. రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా తీసుకుపోయారు. దొరికాక పోలీసులు చెప్పిందేమిటంటే, వాళ్లలో ఒకడు ఆ డబ్బాలోనే భోంచేశాడట! ఏడో నిజాం కూడా అందులో ఎప్పుడూ తినలేదంటారు. దొంగతనానికి పడాల్సిన శిక్ష పడాల్సిందే. పరిశీలనకి మాత్రం పర్యాటక శాఖ ఓ ప్రశంసాపత్రం బాకీ ఉంది.

ఆ స్థాయి శ్రద్ధ మామూలు జనానికీ రావాలంటే ఒకటే దారి. లోపలికి టికెట్ తీసేయండి, బయటికి పెట్టండి. గేటు దగ్గర ఒకటే ప్రశ్న: లోపల ఏం చూశారు? గడియారం అంటే చెల్లదు. ఫోన్ తీసి చూపిస్తే అసలు చెల్లదు. చెప్పలేనివాళ్లు మళ్లీ మొదటి గది నుంచి తిరిగి రావాలి. ఈ పద్ధతి పెడితే అధికారులు ముందుగా చూసుకోవాల్సింది బడ్జెట్టు కాదు. సాయంత్రం అయిదుకి లోపల మిగిలిపోయే జనానికి రాత్రి భోజనాలు, పడకలు.