నడకదారికి తాళమేల దొరా!

మహారాజశ్రీ తీర నడకదారి వ్యవహారాలు చూసే అధికారి గారి దివ్య సముఖానికి,

విషయం: పని పూర్తయిన నడకదారి గేటుకు వేసి ఉన్న తాళం గురించి.

అయ్యా,

సముద్రతీరం వెంట నడకదారి వేయాలంటే ముందు తేల్చాల్సింది పోటు గీత. పెద్ద పోట్ల నాడు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో అదే ఆ గీత. తీరం మీద కట్టడాలను అదుపు చేయడానికి 1991 ఫిబ్రవరిలో వచ్చిన సీఆర్‌జెడ్ నోటిఫికేషను, 2011లోనూ 2019లోనూ మళ్లీ రాసినవి, కొలతలన్నీ దాని నుంచే మొదలుపెడతాయి. 2019 లెక్కలో పల్లెతీరాల్లో జనం ఒత్తుగా ఉన్నచోట 50 మీటర్లు, పలచగా ఉన్నచోట 200 మీటర్లు కట్టడాలు కూడని మేర. రెండు రిసార్టుల నడుమ కనీసం 20 మీటర్లు వదలాలనీ, అది జనం బీచికి పోవడానికేననీ కూడా ఆ కాగితాల్లోనే ఉంది. ఆ 20 మీటర్లలో ఎవరి కార్లు నిలుస్తున్నాయో తమకు తెలియనిది కాదు.

గీత తేలాక ఫైలు బయల్దేరుతుంది. ఇసుక ఒకరిది, రోడ్డు ఒకరిది, సరుగుడు తోట అటవీశాఖది, దీపస్తంభాలు ఇంకొకరివి, చెత్తడబ్బా ఎవరిదీ కాదు. పై చిరునామాలో శాఖ పేరు లేకపోవడానికి కారణం అదే. క్షమించగలరు.

ఈ లేఖకు కారణమైన దారి ఉత్తరాంధ్ర తీరంలో ఒకానొక ఊరిది. దానికి గీత తేలింది, ఫైలు తిరిగొచ్చింది, టైల్సు పరిచారు, బెంచీలు దించారు, దీపాలు వెలిగించి చూసుకున్నారు. ఆ తర్వాత గేటు పెట్టి తాళం వేశారు. శిలాఫలకం సిద్ధంగానే ఉంది. దాని మీద పసుపు గుడ్డ కప్పారు. గాలికి గుడ్డ లేచినప్పుడల్లా పేర్లన్నీ చదువుకోవచ్చు. తేదీ దగ్గర మాత్రం ఖాళీ. ఆ ఖాళీ నిండే దాకా ఊళ్లో జనం రోడ్డంచున, ఇసుక లారీలు మోచేతికి రాసుకుపోతుంటే నడవాలి. ఒక పెద్దమనిషికి గంట తీరిక దొరకలేదని ఊరంతా ఎందుకు చావాలండీ? కుర్రాళ్లు గేటు పక్కన ఒక చువ్వ వంచి దూరిపోతున్నారు. మోకాళ్ల నొప్పుల వాళ్లు, చీర కట్టుకున్న ఆడవాళ్లు దూరలేరు. డాక్టర్లు నడవమని చెప్పేది మాత్రం వాళ్లకే.

మర్యాద తప్పినట్టుంది. మళ్లీ విషయానికి.

తీరం స్థిరంగా ఉండదు. తూర్పుతీరంలో ఏడాది మొత్తం మీద అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. మధ్యలో గోడ లేచిందా, దక్షిణాన మేట, ఉత్తరాన కోత. విశాఖ హార్బరుకు ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచి పడే పాట్లు ఇవే. హార్బరులో తీసిన పూడిక ఇసుకను పంపులతో పోసి దాన్ని నిలబెట్టాల్సి వస్తోంది. ఆపైన తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. బీచి రోడ్డు ఏమైందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇంగ్లండులో తీరమంతా నడకదారి వేయాలని 2009లో చట్టం చేసినప్పుడు ఈ కోత సంగతి ముందే ఆలోచించారు. ఒడ్డు విరిగితే దారి కూడా దానితోపాటు వెనక్కి జరిగేలా ప్రతిపాదనలోనే రాసుకోవచ్చు. కొత్తగా ఫైలు పుట్టించే పని లేదు. ఇక్కడ కోత పడితే బండరాళ్లు వేస్తారు, అవి కుంగితే వాటి మీద ఇంకొన్ని. నడిచేవాళ్లకు సముద్రం వినపడుతుంది గానీ కనపడదు.

ప్లానులో తెల్లగా కనిపించే ఇసుక కూడా ఖాళీది కాదు. అది బోట్లు పైకి లాగే చోటు, వలలు బాగుచేసుకునే చోటు, చేపలు ఎండబెట్టే చోటు. అలివి వల లాగేటప్పుడు రెండు కొసలా మనుషులు వరసగా తాడు పట్టి వెనక్కి వెనక్కి నడుస్తారు. వాళ్ల వీపుకు తగిలేలా నడుమెత్తు రెయిలింగు కడితే వల నీళ్లలోనే ఉండిపోతుంది. బోట్లు ఎక్కేచోట దారి ఇసుకలోకి దిగి, అవతల మళ్లీ లేవాలి. జాలరిపేటలో ఏ ముసలాయన్ని అడిగినా టీ చల్లారేలోగా చెప్పే ఈ సంగతి డ్రోను సర్వేకు దొరకదు.

సామాను ఎంపిక ఇంకో ప్రహసనం. ఉప్పుగాలికి మామూలు స్టీలు ఆగదు. తళతళలాడే 304 రకం మీద కూడా టీ మరకల్లాంటి తుప్పు లేస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం నయం, ధర ఎక్కువ. టెండరులో ఏది రాశారో, బిగించినది ఏదో, గేటు బయట నిలబడి చూసినా తెలిసిపోతోంది. దీపాలదీ అంతే. జనవరి మొదలు ఎండాకాలం దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డున గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట గూట్లోంచి లేచి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. మామూలుగా ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది. ఎత్తు స్తంభాల తెల్లదీపాలుంటే రోడ్డు వైపు పాకి చక్రాల కింద పడతాయి. దీపాలు మోకాలెత్తులో, పసుపురంగులో, నేలను చూస్తూ ఉంటే సరిపోయేది. నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, స్కూటర్లు రాకుండా అడ్డం లేదు. అవి మరో లేఖకు.

ఇక మిగిలింది ప్రారంభం. వేల్స్ తన 1,400 కిలోమీటర్ల తీరదారిని 2012 మేలో తెరిచింది. ఇంగ్లండు 2020కి ముగిస్తామన్న గడువు తప్పింది, అయినా పూర్తయిన ముక్కను పూర్తయినట్టే జనానికి వదులుతూ వచ్చింది. వేమత్ దగ్గర మొదటి ముక్క 2012లోనే తెరిచారు. మన దగ్గర వరస వేరు. ముంబై కోస్టల్ రోడ్డు మీద కార్లు 2024 మార్చిలోనే పరుగెత్తాయి. దాన్నానుకున్న నడకదారి జనం కాళ్లకు అందేసరికి 2025 ఆగస్టు వచ్చింది. కార్లకు ముహూర్తాలు తొందరగా కుదురుతాయి కాబోలు.

అయ్యా, రిబ్బను ఎప్పుడైనా కత్తిరించుకోండి. ఆ రోజు గేటు మూసి, టైల్సు కడిగి, ఎవరూ కాలు పెట్టనట్టే చూపించండి. ఊళ్లో ఒక్కరూ నోరు విప్పరు. ఈలోగా పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా తీయించండి చాలు. తాళంచెవి వాచ్‌మన్ మొలతాడుకే ఉంది. తమరు ఫోన్లో ఒక్క మాట అంటే తీస్తానంటున్నాడు.

ఇట్లు,
గేటు బయట నడిచేవారు