ఫసలీ 1347, బహమన్

పాత వస్తువులు కూడబెట్టేవాళ్లు నన్ను వాయించరు. బోర్లా తిప్పుతారు, మూత ఊడదీస్తారు, లోపలికి టార్చి వేస్తారు. కొందరు వాసన కూడా చూస్తారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ అమ్మాయీ అంతే. ఓరుగల్లు దగ్గరి మడికొండలో నన్ను బాగుచేసే తాత ఇంటి అరుగు మీద నన్ను పెట్టుకుని, "ఇది ఏ సంవత్సరందో చెప్పగలరా తాతా?" అని అడిగింది.

"అదే చెప్తది. ఇప్పి సూడు బిడ్డా" అన్నాడు తాత, బీడీ ఆర్పుతూ.

నేను చేతి హార్మోనియాన్ని. ఊళ్లో హార్మోణి పెట్టె అంటారు. మా మూలపురుషుడు పారిస్‌వాడు. అలెగ్జాండర్ దెబెన్ అనే ఆయన 1840లో పేటెంటు తీసుకున్నప్పుడు మా వంశం బల్లంత ఉండేది. కాళ్లతో తొక్కితే గాని పలికేది కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని పాడే మనుషుల కోసం ఆ బల్లను కుదించి, తిత్తిని వెనక్కి పెట్టి చేతికి అందించినవాడు కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. 1880ల నుంచి నాటకాల వాళ్లు మమ్మల్ని ఊరూరా తిప్పారు. నాటకం పోయిన చోట భజన మిగిలింది. నేనిప్పుడు ఇక్కడి భజన మండలి సొత్తును.

మడికొండ పద్యానికి కొత్త ఊరేం కాదు. 'పోతన చరిత్రము' రాసిన వానమామలై వరదాచార్యులు పుట్టింది ఇక్కడే, కాళోజీ పెరిగింది ఇక్కడే. వాళ్లకు శ్రుతి పట్టింది నేనేనని ఒక్క మాట అంటే నా ధర రెండింతలవుతుంది. మా వ్యాపారంలో అలాంటి మాటలు చాలా చెల్లుతాయి. ఫలానా మహానటుడు వాయించిన పెట్టె అంటారు, కాగితం ముక్క చూపించరు. నా దగ్గరా కాగితం లేదు, కాబట్టి ఆ మాట అనను.

అమ్మాయి ముందు చూసింది మూత లోపలి చీటీని. కలకత్తా చిరునామా, ఊరి పేరు పక్కన రెండంకెల పోస్టల్ నంబరు, ఆరంకెల పిన్ కోడ్ లేదు. పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంటే చీటీ అంతకు ముందుది. ఆమె ముఖం వెలిగింది. పాపం, నేనేం చెయ్యను! చీటీ చుట్టూ చెక్క మీద నల్లటి నీడ ఒకటుంది, చీటీ కన్నా వేలెడు వెడల్పు. ముందొక పెద్ద చీటీ ఉండేది. అది ఊడిపోయాక ఎవరో ఇంకో పెట్టెది తెచ్చి నాకు అంటించారు. ఆ నీడను ఆమె గమనించింది. ఈ పిల్లకు పని తెలుసు అనుకున్నాను.

అంటించిన వస్తువు అంత తొందరగా అబద్ధమాడేది ఇంకోటి లేదు. విప్పితే గాని కనపడనివి కొంత నయం. నా అడుగు చెక్కకు ఒంటి గాడి స్క్రూలు, మనవాళ్ల మాటలో మైనస్ స్క్రూలు. తిత్తి దగ్గర మాత్రం నాలుగు ప్లస్ స్క్రూలున్నాయి. ఫిలిప్స్ అనే అమెరికా ఆయన ఆ ప్లస్ గాడికి పేటెంటు పుచ్చుకున్నది 1936లో. అది ఓరుగల్లు సంతకు చేరడానికి ఇంకెన్నేళ్లు పట్టిందో గాని, ఆ చోటును తర్వాతెప్పుడో విప్పారన్నది ఖాయం. జిగురూ అంతే. పెట్టె మూలల్లో గోధుమరంగు సరేసు, గోరుతో గీరితే గాజులా పెళుసుగా రాలుతుంది. తిత్తి మడతల్లో తెల్లటి ఫెవికాల్. ఫెవికాల్ పుట్టిందే 1959లో. "గది మా నాయిన ఏసిన తిత్తి" అన్నాడు తాత.

తెల్లమెట్లను దంతం అనుకుని కళ్లు పెద్దవి చేసేవాళ్లున్నారు. దంతమైతే వెలుగులో సన్నటి గీతలు కనిపిస్తాయి, ఎముకైతే చిన్న చిన్న నల్లచుక్కలు. నావి రెండూ కావు. అమ్మాయి ఒక మెట్టును బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం వాసన. సెల్యులాయిడ్. కొంచెం చిన్నబోయిన మాట నిజమే గాని, దంతం కాకపోవడమే మంచిదైంది, అయ్యుంటే చట్టం అడ్డొచ్చి నన్ను కొనడం అమ్మడం కుదిరేది కాదు.

ఇక రీడ్లు, నా గొంతు. ఇత్తడి పలక మీద ఇత్తడి నాలుక. అటూ ఇటూ ఉన్నవి ఫ్రాన్సువి, పలక మీద ముద్ర ఉంది. ఎక్కువగా వాడే మధ్యస్థాయిలో చాలావరకు గుజరాత్‌లోని పాలితానా రీడ్లు, తర్వాత మార్చినవి. అమ్మాయి ఫోనులో శ్రుతి కొలిచే యాప్ తీసింది. ఫ్రాన్సువాళ్లు 1859లో 'A' స్వరాన్ని సెకనుకు 435 కంపనాలకు కట్టారు, 1939లో లండన్‌లో కూర్చుని దాన్ని 440 చేశారు. పాత రీడు పాత శ్రుతి పలుకుతుందని ఆమె ఆశ. తాత నవ్వి రీడు నాలుక మీది ఆకురాయి గీతలు చూపించాడు. కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. నన్ను తబలాకూ పాటగాడి గొంతుకూ సరిపెట్టడానికి ఎందరో గీకారు. ఇప్పుడా అంకెతో నా వయసు తేల్చలేరు.

ఆకాశవాణి 1940లో మమ్మల్ని వెలివేసి 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. గమకం పలకలేవని నింద. ఆ నిందలో నిజముంది, నా మెట్టుకూ మెట్టుకూ మధ్య దారి లేదు. కానీ భజనకు వచ్చేవాళ్లు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

చివరికి రీడ్ల బోర్డు ఎత్తితే, దాని అడుగున పెన్సిలు రాత. ఉర్దూ. అమ్మాయి ఫోటో తీసి ఫోనును అడిగింది. అంకెలు 1347, పక్కన బహమన్, కింద ఆరు రూపాయలు హాలీ.

"బహమన్ మిస్త్రీ పేరేమో. హిజ్రీ 1347 అంటే 1928" అంది.

తాత కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూశాడు. చిన్నప్పుడు రెండో జమాత్ దాకా ఉర్దూ బడిలో కూర్చున్నవాడు. "మిస్త్రీ కాదు బిడ్డా, నెల. హిజ్రీల మొహర్రం, సఫర్ ఉంటయ్. ఆజూర్, దై, బహమన్... గివి ఫసలీ నెలలు. పాత పహాణీలల్ల జూడు. ఫసలీకి ఐదొందల తొంభై కలుపు."

నిజాం సర్కారు ఫసలీ ఏడాది అక్టోబరు తొలివారంలో మొదలయ్యేది. బహమన్ మూడో నెల. ఒక్క నెల పేరుతో నా వయసు తొమ్మిదేళ్లు జరిగి 1937 డిసెంబరు దగ్గర ఆగింది. హాలీ, అంటే నిజాం సిక్కా, అన్న మాట దానికి జామీను. బ్రిటిష్ కల్దారు రూపాయి చెల్లే కలకత్తాలో ఆ రాత ఎవరూ రాయరు. అయితే అది పుట్టిన తేదీ కాదు. మొదటి తిత్తి చిరిగి, బాగుచేయించుకున్న తేదీ. అప్పటికే నేను వాడిన పెట్టెను.

అమ్మాయి పుస్తకంలో సంవత్సరానికి ఒకటే గడి ఉంది. చాలాసేపు ఆలోచించి "1937కు ముందు" అని రాసుకుంది. తర్వాత మెల్లగా అసలు సంగతి తీసింది. పాలితానా రీడ్లు పీకి ఫ్రాన్సువి వెతికి వేసి, తిత్తి మళ్లీ తోలుది కట్టిస్తే అసలు రూపం వస్తుందట. మంచి ధర ఇస్తుందట.

"మండలోళ్లను అడగాలె. శివరాత్రికి మెట్టుగుట్ట మీద తెల్లార్లూ భజన. గదైనంక మాట్లాడుకుందం" అన్నాడు తాత. "రీడ్లయితే నేను పీకను. పాడైనయి కాబట్టే మార్చినం."

ఆమె వాదించలేదు. బోర్డు మూసేముందు మాత్రం, ఆయన చేసిన మరమ్మతులేవీ లోపల రాసి లేవేమని అడిగింది. రాయాలని ఎన్నడూ తోచలేదన్నాడు. సంచిలోంచి పెన్సిలు తీసి ఇచ్చింది.

తాత దాన్ని నాలుకతో తడి చేసుకుని, నా మీదికి వంగి అడిగాడు: "ఇంగ్లీషు తారీఖెయ్యాల్నా, ఫసలీ ఎయ్యాల్నా?"