సాకెట్టూ, పిల్లరు చువ్వలూ

మా మేడ మీద నాలుగు పిల్లర్లలోంచి ఇనుప చువ్వలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. రేపెప్పుడైనా పై అంతస్తు వేసుకుంటే పనికొస్తాయని మేస్త్రీ వదిలాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ప్రస్తుతానికి మా ఆవిడ వాటికి తీగ కట్టి బట్టలారేస్తోంది.

2018 శ్రావణంలో కంప్యూటర్ కొందామని బావమరిదిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకి వెళ్లాను. వాడు ఇంటెల్ పక్షం, నేను ఏఎండీ రైజెన్ పక్షం.

"బావా, ఐ5 8400 తీసుకో. ఆరు కోర్లు. గేముల్లో దీని ముందు నీ రైజెన్ నిలవదు."

నేనాడే గేమల్లా సాలిటేరే. అయినా తగ్గుతానా? "రైజెన్ 5 2600కీ ఆరు కోర్లేరా, కానీ పన్నెండు థ్రెడ్లు! దానికి ఆరే" అన్నాను. ఒకే వంటమనిషి రెండు పొయ్యిల మీద వండినట్టు, ఒక పని ఆగితే కోరు రెండోది అందుకుంటుందన్నమాట. నా పొయ్యి మీద ఉన్నదల్లా తెలుగు టైపింగూ, కరెంటు బిల్లూ.

విడుదల ధర వాడిదానికి 182 డాలర్లు, నాదానికి 199. అక్కడ కొంచెం తడబడి, అసలు అస్త్రం తీశాను: సాకెట్టు, అంటే బోర్డు మీద చిప్పు కూర్చునే చోటు. ఇంటెల్ 1151 సాకెట్టు 2015లో వచ్చింది. 2017లో వచ్చిన ఎనిమిదో తరం చిప్పుల సాకెట్టుకీ అదే పేరు. ఆ కొత్త చిప్పు పాత బోర్డులో కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. ఏఎండీ అయితే తన ఏఎం4 సాకెట్టుని 2020 దాకా నడుపుతానని ముందే చెప్పింది. బోర్డు అలాగే ఉంచి, రేపెప్పుడైనా చిప్పు ఒక్కటే మార్చుకోవచ్చు.

"రేపెప్పుడైనా" అన్న మాట వినగానే నాకు ఒళ్లు పులకరిస్తుంది. బీ450 బోర్డుతో సహా కొనేశాను. బిల్లు రాసేటప్పుడు షాపతను మెల్లగా చెప్పాడు: 2600లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు విడిగా కొనకపోతే మానిటర్ మీద బొమ్మ రాదు. 8400లో అది లోపలే ఉంది. బావమరిది ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఏఎండీ మాట నిలబెట్టుకుంది, ఇంకా మించింది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా, బయోస్ అప్‌డేట్ చేస్తే, నా బోర్డులో పనిచేస్తుంది. ఈలోగా ఇంటెల్ 2020లో 1200 సాకెట్టుకీ, 2021లో 1700కీ మారింది. బావమరిది రెండుసార్లు సిస్టం మొత్తం అమ్మేసి కొత్తది కొన్నాడు. రెండుసార్లూ ఫోన్ చేసి మరీ నవ్వాను. నేను మాత్రం ఆరేళ్లపాటు క్యాబినెట్ మూత కూడా తీయలేదు.

చివరికి నా సిస్టం ఆన్ అయ్యేలోపు కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చే స్థితికి చేరింది. ముహూర్తం వచ్చిందనుకుని, 5600 వేయించడానికి మోసుకెళ్లాను. షాపు కుర్రాడు మూత తీసి, దుమ్ము ఊది, "సార్, ప్రాసెసర్ భేషుగ్గా ఉంది. స్లో చేస్తున్నది ఈ పాత హార్డ్ డిస్కు" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ బిగించాడు. ఇప్పుడు కుర్చీలో కూర్చునేలోపు తెర వెలుగుతోంది.

"మరి ఆ సాకెట్టు సంగతేంటి బావా?" అన్నాడు వాడు ఫోన్లో.

"ఉండనీరా, రేపెప్పుడైనా..."

వానొచ్చేలా ఉంది, బట్టలు తీయమని మా ఆవిడ కేకేసింది. పైకి వెళ్లి చూస్తే నా తెల్లచొక్కాకి మళ్లీ తుప్పు మరక.