తెరగారి దర్బారు

పిలిచేవారి పేరు ఫోను తెరమీద పడాల్సిందేనని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలికం శాఖ మొత్తానికి ఒక్క మాటమీదకొచ్చాయి. 2022 నవంబరులో చర్చాపత్రం, 2024 ఫిబ్రవరిలో సిఫార్సులు, 2025 అక్టోబరులో అంగీకారం. అడిగినవాళ్లకే ఇద్దామంది ట్రాయ్. అందరికీ ఇచ్చేసి, వద్దన్నవాళ్లకు తీసేద్దామంది శాఖ. శాఖ మాటే నెగ్గింది. మోసగాళ్ల ఆట కట్టడానికట. మంచిదే. కానీ అసలు పండగ చేసుకోవాల్సింది సర్కారు ఆఫీసుల్లో బల్లమీది ఫోను.

దాన్ని జనం ఉత్త ఫోను అనుకుంటారు. పాపం, అది ఒక పూర్తిస్థాయి కార్యాలయం. తెర చదవడం తెలిస్తే ఆ వైభవం కళ్లకు కడుతుంది. పైమూల తేదీ, టైము ఉంటాయి. పాత ఫోన్లలో కరెంటు పోయొచ్చాక వాటిని సరిచేసే నాథుడుండడు కనుక, ఆ గడియారం ప్రకారం ఎవరూ ఎప్పుడూ ఆలస్యంగా రారు. వంపు బాణం కనిపిస్తే కాల్ ఇంకో నంబరుకు మళ్లుతున్నట్టు. అర్జీని సంబంధిత శాఖకు పంపేశారన్నమాట. డీఎన్‌డీ (డూ నాట్ డిస్టర్బ్) అని పడితే సారు క్యాంపులో ఉన్నారు. ఎర్రదీపం వెలుగుతుంటే ఎవరో సందేశం వదిలారు, అది పెండింగ్ ఫైలు. ‘మిస్డ్ కాల్స్ 43’ అన్నది ఇన్‌వర్డ్ రిజిస్టరు. కింద ‘క్లియర్’ మీట. ఒక్కసారి నొక్కితే నలభై మూడు అర్జీలూ పరిష్కారం!

ఇంత పెద్ద కార్యాలయానికి ఒక్కటే లోటు. ఆఫీసు ఎక్స్‌ఛేంజీలో నమోదైన లోపలివాళ్లు పిలిస్తేనే పేరు పడుతుంది, బయటివాళ్లకు పది అంకెలే. పైఅధికారి పేరు పడితే మొదటి రింగు పూర్తికాకుండానే రిసీవరు చెవిదగ్గరుంటుంది. పది అంకెలు పడితే టీ చల్లారకూడదు కదా!

కొత్త ఏర్పాటు ముందు 4జీ, 5జీ ఫోన్లకేనంటున్నారు. 2జీలో సాంకేతికంగా కుదరదట. బల్లమీది తీగఫోనుకు ఎప్పటికొస్తుందో గానీ, వచ్చిందనే అనుకుందాం. ఇక అర్జీ రాయనక్కర్లేదు, చదవనక్కర్లేదు. తెరమీద పేరు పడుతుంది. “ఓహో, మ్యుటేషన్ ఆయనా!” అని గుమస్తా చూస్తాడు. చూశాడంటే విచారణ జరిగినట్టే. పిలిచినాయన విసుగొచ్చి పెట్టేశాడంటే ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టే.

పేరు ఎక్కణ్నుంచి తీస్తారు? సిమ్ తీసుకున్నప్పుడు నింపిన దరఖాస్తులోంచి. పల్లెల్లో ఇంటాయన పేరుమీద తీసిన సిమ్ ఇంటావిడ చేతిలో ఉండటం మామూలే. వితంతు పింఛను కోసం ఒకావిడ ఫోను చేసింది, ఎవరో పొరపాటున ఎత్తారు.

“అయ్యా, మా ఆయన కాలం చేశాడు, పింఛను...”

“అదేంటమ్మా! ఇక్కడ తెరమీద ఆయనే ఫోను చేస్తున్నాడుగా?”

పెద్దలకు ఈ బాధ లేదు. పరిశీలించి ఇచ్చే గోప్యత సౌకర్యం కింద నిఘా సంస్థల అధికారులు, ప్రముఖులు పేరు కనపడకుండా దాచుకోవచ్చు. ‘ప్రైవేట్ నంబర్’ అని పడగానే గుమస్తా లేచి నిలబడి మరీ ఎత్తుతాడు.

వేళాకోళం చాలు. సోమవారం ఏ కలెక్టరేట్‌కైనా వెళ్లి చూడండి. ఆ రోజు జనం అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటారు. కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, పొద్దున్నే కాగితం పట్టుకుని వరుసలో నిలబడ్డ ముసలివాళ్లను అడగండి. ‘నీ ఫైలు ఫలానా చోటుంది’ అని ఫోనులో అర నిమిషంలో చెప్పగలిగిన మాట కోసం వచ్చినవాళ్లు అందులో కనబడతారు. వాళ్ల రోజును దోచుకున్నది సైబర్ మోసగాడు కాదు, జీతం తీసుకుంటూ మోగే ఫోనును చూస్తూ కూర్చున్న మనిషి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను అధికారుల డైరెక్టరీని జనం ముందు పెట్టమంది. నంబర్లు పెట్టారు. ఎత్తడం మాత్రం దయాధర్మం!

పిలిచేవాడెవడో చెప్పడానికి మూడేళ్లు చర్చించినవాళ్లు, ఎత్తనివాడెవడో చెప్పడానికి ఒక్క కాగితమైనా వేయరేం? మోగి మోగి తెగిపోయిన ప్రతిసారీ అర్జీదారు తెరమీద ఆ కుర్చీలోని మనిషి పేరు, హోదా, ఆ రోజు వదిలేసిన కాల్స్ లెక్క పడాలి. నెలాఖరుకు ఆ లెక్క ఆఫీసు గుమ్మం ముందు అంటించాలి, జీతాల బిల్లుకు జతచేయాలి.