బావగారి గేర్‌బాక్సు

డాలస్‌లో మెకానిక్ కూలి విని గుండె ఝల్లుమన్న మా సాఫ్ట్‌వేర్ బావగారు ఆటోమేటిక్ గేర్‌బాక్సును ఇంటి గ్యారేజీలోనే దించుతానని కారు కిందకు దూరారు. బ్యాటరీ తీగ పీకారు. ఎర్ర నూనె పట్టారు (సగం బకెట్లో, సగం చొక్కా మీద). కూలర్ గొట్టాలు, డ్రైవ్ షాఫ్టులు ఊడదీశారు. ఎంత గుంజినా పెట్టె రాదే! టార్క్ కన్వర్టర్ బోల్టులు మరిచారు మరి. చిన్న సందులోంచి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుకుంటూ ఒక్కొక్కటే విప్పాలవి. విప్పి, కాఫీకి లోపలికెళ్లగానే దాదాపు 80 కిలోల పెట్టె జాకీ మీంచి దభీమంది. బావగారు క్షేమం. అక్కయ్య మాత్రం అప్పటికే టో ట్రక్కును పిలిచేసింది. మెకానిక్ కూలి పాతదే, ట్రక్కు కిరాయి అదనం.