జింకలున్నాయి, జాగా ఏదీ?

న్యూజెర్సీలో తెల్లతోక జింకలకు కొదవ లేదు. తెల్లారేసరికి పెరట్లో గోంగూర మోడే మిగులుతుంది. వేటగాడికి లైసెన్సుంది, విల్లుంది, నిలబడే జాగాయే లేదు. యజమాని రాసివ్వకపోతే తుపాకీ ఇంటికి 450 అడుగుల దూరంలో ఉండాలి. విల్లుకూ అంతే ఉండేది, 2010లో 150కి దించారు. గోడకు గోడ ఆనే టౌన్‌హౌస్‌ల మధ్య ఆ 150 మాత్రం ఎక్కడ దొరుకుతాయి?

టౌన్‌షిప్ మీటింగులో మైకందుకుని "జింకల్ని ఏదో ఒకటి చేయండి" అని విరుచుకుపడ్డ ఆసామే, వేటగాడు అనుమతి కాగితం పట్టుకొస్తే "అయ్యో, నోరులేని జీవం కదండీ" అంటాడు. ఎడిసన్‌లో మనవాళ్లయితే ఆ మాటా ఉండదు, డోర్‌బెల్ కెమెరాలోంచే దండం!

అయ్యా ఓనర్లూ, సంతకమైనా పెట్టండి, గోంగూర పచ్చడి మీద ఆశైనా వదులుకోండి.