వై ఈక్వల్ టు వీఎక్స్... గోవిందా!

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే నెల్లూరు తీరమంతా మేడలెక్కుతుంది. మర్నాటికల్లా కాలేజీ హోర్డింగుల మీదా అదే రాకెట్. కింద మీ బిడ్డ భవిష్యత్తు, పక్కన అడ్మిషన్ల ఫోన్ నంబరు. 2022 జిల్లాల విభజనలో శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది గానీ, హోర్డింగు రాకెట్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

లోపలేం వండుతున్నారో చూశారా? ఇంటర్ సెకండియర్, సమఘాత అవకలన సమీకరణాలు. డీవై బై డీఎక్స్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ బై టూ ఎక్స్‌వై. "వై ఈక్వల్ టు వీఎక్స్ పెట్టండ్రా!" సారు కేక. క్లాసంతా వంత. చలరాశులు విడదీశారు, సమాకలనం చేశారు. ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్ ఈక్వల్ టు సీఎక్స్. కింద రెండు గీతలు. మార్కులు జేబులో.

ఎందుకు పెట్టాం సార్? అడిగి చూడండి. "సిలబస్ అవ్వొద్దా?"

బ్రహ్మవిద్యేం కాదండీ. ఇక్కడ వాలు ఎక్స్, వైల నిష్పత్తిని బట్టే ఉంటుంది. మూలబిందువు గుండా ఓ సరళరేఖ గీయండి. దానిమీద ఎక్కడ చూసినా వాలు ఒక్కటే. అలాంటప్పుడు ఆ నిష్పత్తికే ఓ పేరు పెట్టేస్తే పోలా? ఆ పేరే వీ. 1691లోనే లైబ్నిజ్‌కు తట్టిన యుక్తి. బోర్డు మీద ఐదు నిమిషాల పని. ఏసీ క్యాంపస్‌కు ఆ ఐదు నిమిషాలే కరువు! ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు మరి. ఆలోచించినవాడు వెనకబడతాడట.

అలాగని యాజమాన్యాలకు సమఘాతం వంటబట్టలేదనకండి. ఎక్స్‌నీ వైనీ ఎన్ని రెట్లు పెంచినా విలువ మారకపోతే దాని డిగ్రీ సున్నా. ఫీజు రెట్టింపు. హోర్డింగు రెట్టింపు. బోధన? అంగుళం కదల్లేదు. ఇంతకన్నా నిఖార్సైన సున్నా డిగ్రీ ఎక్కడ దొరుకుతుంది? రొయ్యల రేటు పడి రైతు గుంట ఎండగట్టిన ఏడాది రెండో టర్మ్ ఫీజు రూపాయైనా తగ్గిందా? సర్కారీ కాలేజీకి పోదామా? లెక్కల పోస్టు ఖాళీ. భర్తీ చేస్తామన్న హామీ మాత్రం ఎప్పుడూ నిండుగానే.

ర్యాంకుల చిలక్కి ఓ చిన్న పరీక్ష పెట్టండి. లవంలో ఎక్స్ ప్లస్ వై ప్లస్ వన్, హారంలో ఎక్స్ మైనస్ వై ప్లస్ త్రీ. వీఎక్స్ మంత్రం వేస్తాడు. పారదు. ఆ రెండు రేఖలూ మైనస్ టూ కామా వన్ దగ్గర కలుస్తాయి. మూలబిందువును అక్కడికి జరపాలి. ఎందుకు జరపాలో తెలియాలంటే ఆ ఐదు నిమిషాలు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మెటీరియల్‌లో ఈ లెక్క పక్కన పెన్సిలు రాత: "ఇంపార్టెంట్ కాదు. వదిలెయ్."